కన్వెన్షన్ సంగతి

మా అన్నయ్య కూతురు మాదాపూర్‌లో, సైబర్ టవర్స్‌కి కూతవేటు దూరంలో ఉద్యోగం చేస్తుంది. మొన్న మాఘమాసంలో బంధువుల పెళ్లికని హైదరాబాద్ వెళ్లి, రైలు దిగుతూనే దానికి ఫోన్ చేశాను. "సాయంత్రం టౌన్‌హాల్ ఉంది బాబాయ్, అది అవగానే నేరుగా కన్వెన్షన్‌కి వచ్చేస్తా" అంది. టౌన్‌హాల్ అనగానే నా కళ్లముందు ఎత్తయిన మెట్లూ, లావు స్తంభాలూ, లోపల గోడల మీద దుమ్ముపట్టిన దాతల పటాలూ మెదులుతాయి. "మాదాపూర్‌లో టౌన్‌హాల్ ఎక్కడుందమ్మా?" అన్నాను. పకపకా నవ్వింది. "టౌనూ లేదు, హాలూ లేదు. మా పెద్ద బాస్ ల్యాప్‌టాప్‌లో కనబడి మూడు నెలల లెక్కలు చెప్తాడు. మేం మ్యూట్‌లో పెట్టుకుని టిఫిన్ తింటూ వింటాం."

ఇక కన్వెన్షన్. ఇంగ్లీషువాడి లెక్కన అదొక సమావేశం. మేం వెళ్లిన కన్వెన్షన్ మాత్రం ఒక కట్టడం: గాజు తలుపులు, వెయ్యి మందికి భోజనాల బల్లలు, కార్లకు రెండంతస్తుల నేలమాళిగ. భవనం పేరు మీటింగుకి వెళ్లిపోయింది, మీటింగు పేరు భవనానికి వచ్చిపడింది. రెంటికీ మధ్య దూరం కిలోమీటరు కూడా లేదు.

ఇది ఐటీ వాళ్ల ఇంగ్లీషు చేసిన తికమక అని చాలాకాలం అనుకున్నాను. జనం కూడే చోట్లకి తెలుగువాళ్లు ఇన్ని శతాబ్దాలుగా పెట్టుకున్న పేర్లన్నీ ఒకచోట చేర్చుకుని చూశాక ఆ అభిప్రాయం మార్చుకోవలసి వచ్చింది. ఆ పేర్లన్నీ కాళ్లున్నవే. మనుషుల మీంచి గోడల మీదికీ, గోడల మీంచి మనుషుల మీదికీ ఎప్పుడూ దూకుతూనే వచ్చాయి.

ముందు కన్వెన్షన్ పుట్టుపూర్వోత్తరాలు. లాటిన్‌లో 'కాన్' అంటే కలిసి, 'వెనీరె' అంటే రావడం. కలిసిరావడం 'కాన్వెంటియో'. మనుషులు కలిసివస్తే సభ, మాటలు కలిసివస్తే ఒప్పందం, ఒప్పందం పాతబడితే ఆనవాయితీ. ఇంగ్లీషు కన్వెన్షన్‌కి మూడర్థాలు అలా వచ్చినవే. సన్యాసినులు కలిసి ఉండే కాన్వెంటూ ఆ ఇంటి పిల్లే. మన ఊళ్లలో సన్యాసినులతో పనిలేకుండా, పసుపు బస్సు తిప్పే ప్రతి ఇంగ్లీషు మీడియం బడీ కాన్వెంటే కదా. ఆ కుటుంబంలోంచి తెలుగులోకి వచ్చిన రెండో మాట కూడా భవనంగా మారిందంటే ఆశ్చర్యమేముంది?

అసలు ముచ్చట ఇంకో అడుగు వెనక్కి వేస్తే కనబడుతుంది. లాటిన్ 'వెనీరె', ఇంగ్లీషు 'కమ్', సంస్కృతం 'గమ్' ఒకే ప్రాచీన ధాతువు బిడ్డలని భాషాశాస్త్రం తేల్చింది. లాటిన్ 'వెంటియో' ఏ మలుపులో పుట్టిందో మన 'గతి' కూడా ఆ మలుపులోనే పుట్టింది. ముందున్న ఉపసర్గలు వేరైనా చేసే పని ఒక్కటే, కలపడం. ఆ లెక్కన కాన్వెంటియోకి ముక్కకి ముక్క సరిపోయే సంస్కృత పదం 'సంగతి'. సంస్కృతంలో సంగతి అంటే కలయిక, కూడిక. తెలుగులోకి వచ్చేసరికి నలుగురు కూడితే ఏం మాట్లాడుకుంటారో అదే సంగతి అయింది. విషయం, వార్త, సమాచారం. సంగీతంలో ఒకే పల్లవిని మళ్లీ మళ్లీ కొత్త మెలికలతో పాడేదీ సంగతే.

సభ పేరు విషయానికి పేరైపోవడం మన ఒక్కరి విడ్డూరం కాదు. పాత జర్మానిక్ భాషల్లో 'థింగ్' అంటే సభ. 930 ప్రాంతంలో మొదలైన ఐస్‌లాండ్ శాసనసభని ఇవాళ్టికీ 'ఆల్‌థింగ్' అనే పిలుస్తారు. ఇంగ్లీషులో ఆ థింగ్ మొదట సభ తేల్చవలసిన వ్యవహారమైంది, ఆ తర్వాత ఏ వస్తువైనా సరే అయి కూర్చుంది. మన సంగతి వస్తువు దాకా పోలేదు, కబుర్ల దగ్గరే ఆగింది. తెలుగువాళ్ల స్వభావానికి అదే తగినట్టుంది.

సైబర్ టవర్స్‌ని 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన రోజుల్లో కన్వెన్షన్ అన్న మాట ఏ పెళ్లిపత్రికలోనూ చూసిన గుర్తు నాకు లేదు. 2006లో మాదాపూర్ అంచున హైదరాబాద్ ఇంటర్నేషనల్ కన్వెన్షన్ సెంటర్ తెరిచారు. అదే ఏడాది మే నెలలో ఆసియా అభివృద్ధి బ్యాంకు వార్షిక సమావేశం అక్కడ జరిగింది. 2010 ఆగస్టులో ప్రపంచ గణితవేత్తల మహాసభ వచ్చింది, 2017 నవంబరులో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు వచ్చింది. వీటి నడుమ, 2012 అక్టోబరులో, జీవవైవిధ్య ఒప్పందంపై సంతకం చేసిన దేశాలన్నీ అక్కడ కూర్చున్నాయి. ఆ ఒప్పందం ఇంగ్లీషు పేరులో ఉన్నది కన్వెన్షనే. కన్వెన్షన్‌లో కూర్చుని కన్వెన్షన్ గురించి మాట్లాడారన్నమాట. మన పత్రికలు తెలివిగా 'జీవవైవిధ్య సదస్సు' అని రాసుకుని ఈ మెలికలోంచి తప్పించుకున్నాయి.

ఆపైన జరిగింది తెలుగువాడికి అలవాటైన కత్తిరింపు. సెల్‌ఫోన్‌లో ఫోన్ రాలిపోయి సెల్ మిగిలింది. కన్వెన్షన్ సెంటర్‌లో సెంటర్ రాలిపోయి కన్వెన్షన్ మిగిలింది. పెళ్లిళ్లకి అద్దెకిచ్చే హాళ్లు ఆ మాటని అందిపుచ్చుకున్నాయి, ఎందుకంటే ఫంక్షన్ హాల్ అన్న పేరు అప్పటికే చవకబడింది. (ఫంక్షన్ గురించి ఒక్క మాట. పగలంతా కోడ్‌లో ఫంక్షన్లు రాసి, రాత్రికి ఫంక్షన్‌కి వెళ్లే మనుషులు భూమ్మీద ఇంత దట్టంగా మరెక్కడా ఉండరేమో.) 2024 ఆగస్టు 24న తమ్మిడికుంట ఒడ్డున ఉన్న ఎన్ కన్వెన్షన్‌ని ప్రభుత్వ సంస్థ హైడ్రా కూల్చింది. చెరువు స్థలంలోకి చొచ్చుకొచ్చిందని హైడ్రా అంది, కాదని యజమాని కోర్టుకి వెళ్లారు. ఆ తగువు నాకు సంబంధించింది కాదు. నన్ను పట్టుకున్నది ఆనాటి టీవీల అడుగున పరుగెత్తిన 'కన్వెన్షన్ కూల్చివేత' అన్న రెండు ముక్కలు. ఇంగ్లీషులో కన్వెన్షన్‌ని కూలిస్తే ఒప్పందమో ఆచారమో కూలిందని అర్థమయ్యే వీలుంది. తెలుగులో ఆ సందేహమే రాదు. ఇటుకలే కూలాలి.

దీనికి సరిగ్గా ఎదురుదిక్కున నడిచిన మాట 'సభ'. వేదకాలపు సభకి కప్పుంది. ఋగ్వేదంలో జూదరి పందెం కాయడానికి వెళ్లేది సభకే. అథర్వవేదం సభనీ, సమితినీ ప్రజాపతి కూతుళ్లంటుంది. మయుడు పాండవులకి కట్టిపెట్టిన మయసభ అచ్చంగా భవనం. నేలని నీరనీ, నీటిని నేలనీ దుర్యోధనుడు భ్రమపడింది ఆ కట్టడం పనితనం వల్లే. మాట పుట్టుక గురించి రెండు వాదాలున్నాయి. 'భా' అంటే వెలుగు కాబట్టి వెలుగుతో కూడినది సభ అన్నది సంప్రదాయ వ్యుత్పత్తి. బంధువర్గం అనే అర్థమున్న పాత జర్మానిక్ మాటలతో చుట్టరికం కలిపి, ఒక కులకూటమి కూర్చునే చోటు అన్నది పాశ్చాత్య పండితుల్లో కొందరి మాట. వెలుగు వ్యుత్పత్తి వినడానికి బాగుంటుంది. కానీ ఆ తొలి సభల్లో దీపం కంటే పాచికలే ఎక్కువ కనబడుతున్నాయి కాబట్టి నేను రెండోవైపే మొగ్గుతాను.

తెలుగులో సభ తన కప్పుని ఎప్పుడో వదిలేసింది. ఇప్పుడు సభ అంటే మనుషులే. బహిరంగ సభకి మైదానం చాలు. మహాసభకి ఊరే అక్కర్లేదు. అమెరికాలో తెలుగు సంఘాలు రెండేళ్లకోసారి నగరం మార్చుకుంటూ జరుపుకునేవి ఇంగ్లీషు బ్రోచర్లలో కాన్ఫరెన్సులూ కన్వెన్షన్లూ అయితే, తెలుగు ఆహ్వానాల్లో మహాసభలు. కన్వెన్షన్ అసలర్థాన్ని తెలుగువాళ్లు ఎక్కడైనా కాపాడుతున్నారంటే మాదాపూర్‌లో కాదు, సముద్రాలవతల. భవనాన్ని ఇంకా సభ అంటున్న మచ్చు ఒకటి చిక్కడపల్లిలో మిగిలింది, త్యాగరాయ గానసభ. అక్కడా సంస్థ పేరే హాలుకి అంటుకుంది.

మండపం కథ చిక్కైనది. సంస్కృత వ్యుత్పత్తి చెప్పమంటే, 'మండ' అంటే గంజి, 'ప' అంటే తాగేది. మండపం అంటే గంజి తాగేదన్నమాట. ఈ అర్థం ఎంత పొసగదో పాత తార్కికులకీ తెలుసు. ముక్కలు విడదీస్తే అర్థం రాని మాటకి, అంటే రూఢి పదానికి, ఉదాహరణగా వాళ్లు చూపించే మాటల్లో ఇదొకటి. ధాతువు కుదరని చోట ద్రావిడ భాషలవైపు చూడటం సహజం, చూసినవాళ్లున్నారు. తమిళంలో 'మన్రం' అంటే జనం కూడే చోటు, న్యాయం చెప్పే చోటు. నేటి తమిళంలో కోర్టు నీతిమన్రం, శాసనసభ చట్టమన్రం. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఈ మన్రం కుదురులోనే మన తెలుగు 'మంద'ని చేర్చింది. నీలగిరుల్లో తోడాల పల్లెకి పేరైన 'మందు' కూడా ఆ కుదురే. ఊటకమండ్ చివర ఉన్నది అదే. పశువులు ఒక చోటికి చేరితే మంద, మనుషులు చేరితే మన్రం. మండపాన్ని ఈ కుదురుకి కట్టాలంటే చివరి 'ప' అడ్డొస్తుంది, అందుకని నేను ఆ ముడి గట్టిదనుకోను. కానీ ఒకే కుదురులోంచి పొరుగువాడు న్యాయస్థానాన్ని తీసుకుంటే మనం గొర్రెల మందని ఉంచుకున్నాం. ఎన్నికల ముందు లారీల్లో జనాన్ని తోలుకొచ్చే సభలు చూసినప్పుడు, మనవాళ్లు మరీ తొందరపడలేదేమో అనిపిస్తుంది.

కోస్తాలో పెళ్లిచోటు కల్యాణ మండపమే. తిరుమల తిరుపతి దేవస్థానాలు ఊరూరా కట్టించినవాటితో ఆ పేరు మరీ స్థిరపడింది. తెలంగాణలో ఆ స్థానం ఫంక్షన్ హాల్‌ది, ముస్లింల ఇళ్లలో షాదీఖానాది. సత్రం మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. సంస్కృత 'సత్ర' అంటే పన్నెండు రోజులో అంతకుమించో సాగే యజ్ఞం, అందరూ కూర్చుని చేసేది. 'సద్' అంటే కూర్చోవడం. సదస్సు, పరిషత్తు కూడా అదే ధాతువు. యజ్ఞం పోయింది, యజ్ఞంలో పెట్టిన అన్నం మిగిలింది, అన్నం పెట్టే ఇల్లు సత్రమైంది.

నన్నడిగితే ఈ పేర్లన్నిటిలో రాజు 'రచ్చ'. చూడటానికి మొరటు దేశిమాటలా ఉంటుంది గానీ సంస్కృత 'రథ్య'. రథం పట్టేంత వీధి. మిథ్య ప్రాకృతంలో మిచ్ఛా అయినట్టు రథ్య రచ్ఛా అయింది, తెలుగు దాన్ని రచ్చ చేసుకుంది. వీధి పేరు వీధిలో జనం కూడే చోటికి, ఆపైన కూడిన జనానికి అయింది. చెట్టు కింద పరిచిన రాయి రచ్చబండ. దానికి తలుపు లేదు, గోడ లేదు, అద్దె లేదు. రాత్రి భోజనాలయ్యాక ఎవరైనా వచ్చి కూర్చోవచ్చని చెప్పుకుంటాం. ఆ 'ఎవరైనా'లో ఊరి వాడలన్నీ ఉన్నాయా అంటే లేవు. ఆడవాళ్లూ లేరు, బండకి ఎడంగా నిలబడి విన్నవాళ్లూ ఉన్నారు. ఆ సంగతి మరిచిపోయి రచ్చబండని పొగడటం నాకు మింగుడుపడదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. అక్కడ రచ్చంటే లోకం. 'నలుగురిలో పరువు' అన్నమాట. అదే పరువు పోతే రచ్చకెక్కడం, రచ్చకీడ్చడం. ఈ వాడుకలోంచి జారి జారి రచ్చంటే గొడవ అయింది. 2012లో రామ్‌చరణ్ సినిమాకి ఆ పేరు పెడితే, వీధి అనీ సభ అనీ ఎవరికీ తోచలేదు. గోలగోల అన్న ఒక్క అర్థమే. పంచాయతీకీ అదే గతి. ఐదుగురు కూర్చుని తగువు తీర్చేది పంచాయతీ. ఇప్పుడు "వాడితో నాకు పంచాయితీ వద్దు" అంటే తగువే వద్దని. తీర్చే చోటి పేరు తీరవలసిన దానికి పెట్టేశాం. సభని బట్టి సంగతి అయినట్టే ఇదీనూ, కాకపోతే కాస్త కారం ఎక్కువ. ప్రభుత్వాలు మాత్రం రచ్చబండ పాత పరువుని నమ్ముకున్నాయి. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి 2009 సెప్టెంబరు 2న హెలికాప్టర్ ఎక్కింది చిత్తూరు జిల్లాలో రచ్చబండ కార్యక్రమానికే. ఆ ప్రయాణం పూర్తికాలేదు.

చావడి గురించి పెద్దగా చెప్పేది లేదు. నాలుగు బాటలు కలిసే చోటు అన్న వ్యుత్పత్తిని హాబ్సన్‌-జాబ్సన్ నిఘంటువు చెబుతూనే, మాట పుట్టుక అనుమానమేనంటుంది. మద్రాసు దొరల నోట అది 'చౌల్ట్రీ' అయి ఇంగ్లీషులోకి పోయింది. మనం వాళ్లకిచ్చిన కొద్ది హాలు పేర్లలో అదొకటి.

వాళ్లు మనకిచ్చింది టౌన్‌హాలు. హైదరాబాద్‌లో పబ్లిక్ గార్డెన్స్ పక్కన 1905లో పునాది పడి 1913లో పూర్తయిన తెల్లటి టౌన్‌హాలు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నలభయ్యో పుట్టినరోజు గుర్తు. చివరికి శాసనసభ ప్రాంగణమైంది. రాజమండ్రిలో వీరేశలింగం కట్టించినదాన్ని జనం పురమందిరం అన్నారు. నెల్లూరులోనూ అదే మాట. అనువాదపు మాటల్లో ప్రాణమున్నది ఇదొక్కటే అని నా అభిప్రాయం. 'సమావేశ మందిరం' ఆఫీసు తలుపు మీద బతుకుతుంది, నాలుక మీద బతకదు. 

నిజాం కాలపు నగరంలో హాలు ఎవరిదన్నదానికంటే హాల్లో ఏ భాష పలుకుతుందన్నది పెద్ద ప్రశ్న. 1921 నవంబరులో వివేకవర్ధిని ప్రాంగణంలో సంఘ సంస్కరణ సభ జరిగింది. మహర్షి కర్వే అధ్యక్షుడు. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ఉపన్యాసాలు సాగాయి. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మొదలుపెట్టేసరికి చప్పట్లూ కేకలతో కూర్చోబెట్టారు. ఆ అవమానంలోంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. అదే పెరిగి 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ అయింది. హాల్లో చోటు దొరకనిది మహాసభగా ఊళ్లమీద పడింది.

ఆ కాలపు ఉర్దూ మనకిచ్చిన తమాషా మాట 'కచేరీ'. కలెక్టరు కచేరీ అంటే కట్టడం, పాట కచేరీ అంటే ఆ సాయంత్రం. ఒకే మాట భవనాన్నీ జనాన్నీ రెండు చేతుల్లో పట్టుకుని నిలబడింది. టౌన్‌హాల్, కన్వెన్షన్ రెండూ కలిసి చేస్తున్న పని కచేరీ ఒక్కటే చేసింది.

మాదాపూర్‌లో తెలుగు పేరున్న పెద్ద హాలు శిల్పకళా వేదిక. అది ఉన్నది శిల్పారామంలో. 'ఆరామం' అంటే మనసు సేదదీరే తోట. బౌద్ధ భిక్షువుల మఠాలూ ఆరామాలే, అమరావతి, ద్రాక్షారామం మొదలైన పంచారామాలూ ఆరామాలే. పారశీకంలోంచి వచ్చిన ఉర్దూ 'ఆరామ్' కూడా ఇదే ధాతువు బిడ్డ. దక్కనీ మాట్లాడే ఆటో డ్రైవరుకి కూడా ఆ పేరు సగం అర్థమవుతుంది. ఇంత మంచి పేరు హైటెక్ సిటీ ముఖద్వారంలో పెట్టినవాళ్లకి నమస్కారం.

వేదిక అసలు యజ్ఞవేది. కాస్త ఎత్తు చేసిన నేల. తర్వాత రంగస్థలం. ఆపైన అభిప్రాయాలు చెప్పే చోటు, అలా చెప్పే సంస్థ. బాలగోపాల్ పనిచేసిన మానవ హక్కుల వేదికకి స్టేజీ లేదు. లాటిన్ 'ఫోరం' కూడా సంతబయలుగా మొదలై చర్చాస్థలంగా పెరిగింది. వేదిక అగ్ని దగ్గర మొదలై అదే చోటికి చేరింది. ఇప్పుడది భవనంగానూ మారింది. 2020లో తెలంగాణ ప్రభుత్వం రైతుల సమావేశాలకని కట్టడం మొదలెట్టిన 2,601 రైతు వేదికల్లో, వేదికంటే నాలుగు గోడలూ, కప్పూ, తాళమూ.

శిల్పకళా వేదికలో దాదాపు 2,500 మంది పడతారు. భరతుడు నాట్యశాస్త్రంలో మనుషులకి తగిన నాట్యమండపం పొడవు 64 హస్తాలు, వెడల్పు 32 అన్నాడు. హస్తం ఒకటిన్నర అడుగనుకుంటే 96 అడుగులకి 48. అంతకంటే పెద్దదైతే మాట చెదురుతుందనీ, ముఖంలో భావం కనబడదనీ ఆయన బాధ. సినిమా పాటల వేడుకకి అక్కడికి వెళ్లి వెనక వరసలో కూర్చున్నవాళ్లెవరైనా ఈ బాధ నిజమేనంటారు. అందరూ హీరోని వదిలేసి పక్కనున్న తెర చూస్తుంటారు.

చివరిగా మన సొంత మాట ఒకటుంది, కొలువు. రాజు కొలువుదీరే చోటు కొలువుకూటం. ఆ 'కూటం' తమిళుల ఇళ్లలో ఇంకా హాలుకి పేరు. తెలుగులో రాజకీయ పార్టీల కూటమిగానూ, చర్చి వాళ్ల ప్రార్థన కూటంగానూ మనుషుల మీదికి వెళ్లిపోయింది. కొలువు సంగతి ఇంకా విచిత్రం. సభ అన్న అర్థం పోయి, సభలో చేసే సేవ మిగిలింది, సేవకి ఇచ్చే జీతం మిగిలింది. ఇవాళ పత్రికల్లో కొలువంటే ఉద్యోగం, 'కొలువుల జాతర' అంటే నోటిఫికేషన్లు. రాయల భువనవిజయంలో కవులు కూర్చున్న కొలువే సైబర్ టవర్స్‌లో కంప్యూటర్ ముందు కూర్చుంది.

ఆ రాత్రి పెళ్లికొచ్చిన శుభలేఖ ఇంకా నా దగ్గరుంది. కింద 'వేదిక' అని, దానికెదురుగా ఫలానా కన్వెన్షన్ అని ఉంది. ఇంగ్లీషు వైపు వేదిక ఉన్న చోట 'వెన్యూ' ఉంది. అదీ 'వెనీరె' కడుపున పుట్టిందే, అంటే మన గతికి పెదతండ్రి బిడ్డ. నా లెక్కలో నేను మునిగి ఉండగా, తలంబ్రాలు కూడా అయిపోయాక, మా అమ్మాయి మెడలో కంపెనీ బిళ్లతో పరుగెత్తుకొచ్చింది. టౌన్‌హాల్ రెండు గంటలు సాగిందట. పక్క కుర్చీలో కూలబడి, నా చేతిలో కిళ్లీ లాక్కుని, "ఊఁ, ఇంకేంటి బాబాయ్ సంగతులు?" అంది.